కత్తికీ లెక్కుంది: డాలస్ డైరీ పుటలు

2020 మే 27, బుధవారం

నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి పెద్దమ్మాయి ఇంకా మెలకువగానే ఉంది. ఆస్టిన్‌లో క్లాసులు ఆన్‌లైన్ అయినప్పటి నుంచి ఇక్కడే ఉంటోంది. "డాడీ, ఇది మొత్తం చూడండి, మధ్యలో ఆపొద్దు" అని ఫోన్ నా చేతిలో పెట్టింది.

చూశాను. మినియాపోలిస్‌లో చికాగో అవెన్యూ, 38వ వీధి కలిసే చోటు. ఎవరో దొంగనోటు ఇచ్చారని కొట్లోవాళ్లు ఫోన్ చేస్తే పోలీసులొచ్చారు. ఇరవై డాలర్ల నోటు. జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషికి బేడీలు వేసి రోడ్డు మీద బోర్లా పడేశారు. డెరెక్ షోవిన్ అనే పోలీసు అతని మెడ మీద మోకాలు మోపాడు. ఊపిరాడటం లేదన్నాడు ఫ్లాయిడ్, అమ్మా అన్నాడు, తర్వాత మాట ఆగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు నాడి చూడండని అరుస్తున్నారు. అప్పటికీ మోకాలు తియ్యలేదు.

పోలీసు శాఖ మొదట ఇచ్చిన ప్రకటన కూడా అమ్మాయే చదివి వినిపించింది. అరెస్టు చేస్తుంటే అతనికి ఆరోగ్యపరంగా ఏదో ఇబ్బంది వచ్చిందట, ఆసుపత్రిలో పోయాడట. అక్కడ నిలబడ్డ పదిహేడేళ్ల పిల్ల ఫోన్లో తియ్యకపోతే ఫైల్లో ఆ ముక్కే మిగిలేది.

వీడియోలో జనాన్ని వెనక్కి తోస్తూ నిలబడ్డ ఇంకో పోలీసుది ఆసియా ముఖం. హ్మాంగ్ కుటుంబంవాడట. "మనవాళ్లు ఎటు నిలబడతారో అతన్ని చూస్తే తెలుస్తుంది డాడీ" అంది. "ఒకడు చేసిన దానికి వాడి జాతినంతా బోనెక్కించకూడదని నువ్వే కదా అంటావు" అన్నాను. జవాబు చెప్పలేదు, లోపలికెళ్లిపోయింది.

నిద్ర పట్టలేదు.

మే 29, శుక్రవారం

నిన్న రాత్రి మినియాపోలిస్‌లో మూడో ప్రెసింక్ట్ పోలీసు స్టేషన్ తగలబెట్టారు. ఆ చుట్టుపక్కల చాలా కొట్లు బుగ్గయ్యాయి. గాంధీ మహల్ అనే హోటల్ కూడా కాలిపోయింది. దాని యజమాని బంగ్లాదేశీయుడు. కట్టడం పోతే మళ్లీ కట్టుకుంటాం, ముందు న్యాయం జరగనీ అన్నాడని వార్తల్లో వచ్చింది. అది ఆయన పెద్ద మనసు. అంతమాత్రాన నిప్పు పెట్టినవాడి పాపం తగ్గదు.

సంఘం వాట్సాప్ గ్రూపులో పొద్దుటి నుంచి ఒకటే వాక్యం తిరుగుతోంది. రోమా 13. పైఅధికారులకు లోబడాలి, అంతటితో సరి. సాయంత్రం పాస్టర్ గారు ఫోన్ చేశారు. "బ్రదర్, వచ్చే బుధవారం బైబిల్ స్టడీ మీరు తీసుకోండి. ఇదే అధ్యాయం చెప్పండి, పిల్లలంతా అడుగుతున్నారు."

సరేనన్నాను. నేనెక్కడ నిలబడ్డానో సంఘంలో అందరికీ తెలుసు. బైబిల్ దేవుని వాక్యం. గర్భంలో బిడ్డ ప్రాణమే. పెళ్లంటే ఒక పురుషుడు, ఒక స్త్రీ. ప్రభుత్వం దేవుని ఏర్పాటు. నా ఓటు ఎటు పడుతుందో అడగక్కర్లేదు. బ్లాక్ లైవ్స్ మ్యాటర్ అనే సంస్థ తల్లీతండ్రీ పిల్లల కుటుంబాన్ని తక్కువ చేస్తూ తన వెబ్‌సైట్లో పెట్టుకున్న మాటలు నాకు మింగుడుపడవు. సంస్థ సంగతి వేరు, నల్లవాడి ప్రాణానికి విలువుందన్న మాట వేరు. ఆ మాట ఆదికాండము మొదటి అధ్యాయంలోనే ఉంది. సంస్థ నచ్చలేదని దాన్ని వదులుకోను.

జూన్ 2, మంగళవారం

నిన్న సాయంత్రం వాషింగ్టన్‌లో లాఫయెట్ స్క్వేర్ నుంచి నిరసనకారుల్ని తరిమేశాక, ప్రెసిడెంట్ ట్రంప్ నడుచుకుంటూ వెళ్లి సెయింట్ జాన్స్ చర్చి ముందు బైబిల్ పైకెత్తి ఫొటో దిగాడు. నేను ఓటేసిన మనిషే. అయినా నాకు రోత పుట్టింది. ఆ చర్చి బిషప్ మరియాన్ బడ్డీతో నాకు సిద్ధాంతంలో చాలా చోట్ల పొసగదు. ఈ విషయంలో మాత్రం ఆవిడ కోపం న్యాయమైనదే.

నిన్న రాత్రే ఇక్కడ డాలస్‌లో మార్గరెట్ హంట్ హిల్ వంతెన మీద ఆరు వందల మందికి పైగా నిరసనకారుల్ని పోలీసులు పట్టుకుని చేతులు కట్టేశారు. తెల్లవారుజామున సెయింట్ లూయిస్‌లో డేవిడ్ డోర్న్‌ని లూటీగాళ్లు కాల్చి చంపారు. రిటైరైన పోలీసు కెప్టెన్, నల్లజాతి మనిషి, 77 ఏళ్లు. స్నేహితుడి తాకట్టు కొట్టుకి కాపలాగా వెళ్లాడు.

మా గ్రూపులో డోర్న్ పేరు తెలిసినవాళ్లు ఫ్లాయిడ్ పేరెత్తరు. అమ్మాయి స్నేహితులకు ఫ్లాయిడ్ తెలుసు, డోర్న్ తెలియదు. రాత్రి ప్రార్థనలో రెండు పేర్లూ ఎత్తాను.

జూన్ 3, బుధవారం

బైబిల్ స్టడీ అయింది. జూమ్‌లో ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు. చెప్పింది ఇక్కడ రాసుకుంటున్నాను.

రోమా 13 మొదటి వచనం దగ్గర ఆగకండి, నాలుగో వచనం దాకా రండి అన్నాను. అధికారి చేతిలో కత్తి ఉంది, అది ఊరికే లేదు. అక్కడ అధికారిని దేవుని పరిచారకుడు అంటున్నాడు పౌలు. పరిచారకుడికి యజమాని ఉంటాడు. ఆ కత్తి కీడు చేసేవాడి మీదికి, మేలు చేసేవాడికి దాని భయం అక్కర్లేదు. బేడీలు పడి, బోర్లా పడి ఉన్నవాడి మీద దాన్ని ఝళిపిస్తే అది ఆ వచనం ఇచ్చిన అధికారం కాదు. ఆ వచనాన్ని మీరడం.

ఇంకోటి. ఆ ఉత్తరం రాసినాయన పోలీసు దెబ్బలు తిన్నవాడు. ఫిలిప్పీలో విచారణ లేకుండా బెత్తాలతో కొట్టి కొట్లో వేశారు. తెల్లారాక అధికారులు గప్‌చుప్‌గా వెళ్లిపొమ్మంటే పౌలు కదల్లేదు. రోమా పౌరుల్ని బహిరంగంగా కొట్టి రహస్యంగా పంపేస్తారా, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలన్నాడు. వాళ్లొచ్చి బతిమాలుకున్నారు. అపొస్తలుల కార్యములు 16. యెరూషలేములో కొరడాలకి కట్టేస్తున్నప్పుడు మళ్లీ అదే హక్కు అడిగాడు. అది 22వ అధ్యాయం. ప్రధాన యాజకుడి ముందు ఒక బంట్రోతు చెంప మీద కొడితే ప్రభువు తిరిగి కొట్టలేదు, నోరు మూసుకునీ ఊరుకోలేదు. నేను మాట్లాడినదాంట్లో తప్పుంటే చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావని అడిగాడు. యోహాను 18. బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి సైనికులొచ్చి మేమేం చెయ్యాలంటే ఉద్యోగం మానెయ్యమనలేదు. జనాన్ని బెదిరించి డబ్బు గుంజొద్దు, అబద్ధపు కేసులు పెట్టొద్దు, జీతంతో తృప్తిపడండన్నాడు. లూకా 3. పోలీసు సంస్కరణకు అంతకన్నా పాత పాఠం నాకు తెలియదు.

చివరగా పాపం గురించి. మనం సంప్రదాయవాదులం, మనిషి పుట్టుకతోనే పాపి అని నమ్ముతాం. మరి యూనిఫాం తొడుక్కోగానే ఆ పాపం ఎక్కడికి పోతుంది? మనుషులంతా మంచివాళ్లేనని నమ్మేవాడు పోలీసుకి కెమెరా అక్కర్లేదంటే అర్థముంది. మనం అనకూడదు. అదే పాపం గుంపులోనూ ఉంటుంది, అగ్గిపెట్టె పట్టుకున్నవాడిలోనూ ఉంటుంది.

అయ్యాక గుంటూరు అంకుల్ మైక్ ఆన్ చేసి, "బ్రదరూ, ఇవాళ వాక్యం కొంచెం ఎడమ పక్కకి వంగినట్టుందే" అన్నారు.

"వంగలేదంకుల్. నాలుగో వచనం దాకా చదివానంతే."

ఆయన నవ్వారు గానీ ఒప్పుకోలేదు. వ్యవస్థలో జాతి పక్షపాతం అనే మాట బైబిల్లో ఎక్కడుందన్నారు. మాట లేదు, సంగతి ఉంది. అపొస్తలుల కార్యములు 6లో గ్రీకు భాషవాళ్ల విధవరాళ్లకి రోజువారీ పంపకంలో అన్యాయం జరిగింది. అపొస్తలులు ఎవరి మనసులో ద్వేషముందని వెతకలేదు. ఏడుగురిని ఎన్నుకోమని చెప్పి పద్ధతి మార్చారు.

జూన్ 6, శనివారం

ఫార్మసీలో నాతో పనిచేసే టెక్నీషియన్ ఒకాయన సౌత్ డాలస్‌లో బాప్టిస్టు సంఘ డీకన్. నల్లజాతి. అబార్షన్ విషయంలో నాకంటే కరకు. మరదలు పోలీసు ఉద్యోగి, సంఘంలో ప్రతి ఆదివారం ఆమె పేరెత్తి ప్రార్థన చేస్తారట. నిన్న బ్రేక్‌లో, నల్లజాతి కుటుంబాల్లో తండ్రుల్లేకపోవడం గురించి అడిగాను. అది నిజమే, మా పాస్టర్ మీకన్నా గట్టిగా చెబుతాడన్నాడు. "కానీ మా వాడికి ఇంట్లో తండ్రి ఉన్నాడు. రోడ్డు మీద ఆపిన పోలీసుకి ఆ సంగతెలా తెలుస్తుంది?"

తర్వాత పార్కింగ్‌లో తన కారు చూపించాడు. ఇన్సూరెన్స్ కాగితం, రిజిస్ట్రేషన్ డ్రైవరు ఎదుటి సన్‌వైజర్‌కి క్లిప్పుతో పెట్టి ఉన్నాయి. గ్లవ్ బాక్స్ వైపు చెయ్యి పోకూడదు. ఆపగానే లోపల లైటు వెయ్యాలి, రెండు చేతులూ స్టీరింగ్ మీద వేళ్లు చాపి పెట్టాలి, ఏది తియ్యాలన్నా ముందు అడగాలి. కొడుక్కి పదిహేనో ఏట ఇవన్నీ ఇంటి ముందే కూర్చోబెట్టి సాధన చేయించాడు. మా అమ్మాయికి డ్రైవింగ్ నేర్పినప్పుడు నేను ప్యారలల్ పార్కింగ్ నేర్పాను.

ఇవాళ మధ్యాహ్నం అమ్మాయితో డౌన్‌టౌన్ ఊరేగింపుకి వెళ్లాను. షరతులు ముందే చెప్పాను. వెలుగుండగానే వెనక్కి రావాలి, మాస్కు తియ్యకూడదు, ఒక్క రాయి పడినా ఇంటికి. నేను అట్ట పట్టుకోలేదు. ఒకడు పోలీసుల్ని బూతు తిడుతూ బ్యానర్ పట్టుకుంటే అవతలి పక్కకి మారాం. ఒక చర్చి టీషర్టుల్లో ముసలమ్మలు కూలర్ పెట్టుకుని మంచినీళ్ల సీసాలు పంచుతున్నారు. సైకిళ్ల మీదున్న పోలీసులకీ ఇచ్చారు. ఒక పోలీసు హెల్మెట్ తీసి థాంక్యూ మేడమ్ అన్నాడు.

జూన్ 27, శనివారం

తమిళనాడు సాత్తాన్‌కుళం వార్త. జయరాజ్, ఆయన కొడుకు బెనిక్స్. సెల్‌ఫోన్ కొట్టు లాక్‌డౌన్ వేళ దాటి తెరిచి ఉంచారని 19న పోలీసులు పట్టుకెళ్లారు. 22న కొడుకు, 23న తండ్రి చనిపోయారు. ఒళ్లంతా దెబ్బలు. క్రైస్తవ కుటుంబం. మన గ్రూపులో ఇవాళ రోమా 13 ఎవరూ పెట్టలేదు. అందరూ కన్నీళ్ల బొమ్మలు పెట్టారు.

ఈ గ్రూపులోనే పోయిన డిసెంబరు 6న ఏం రాశారో వెనక్కి వెళ్లి చూశాను. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చేసిన రోజు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. మా గ్రూపులో స్తోత్రాలు చెప్పారు. కోర్టు లేదు, సాక్షులు లేరు. ఆ నలుగురు చేశారన్నది ఎంత ఘోరమైనా సరే, ద్వితీయోపదేశకాండము ఇద్దరు ముగ్గురు సాక్షుల్ని అడుగుతుంది. సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ వేసింది. ఆ పూలు ఏ అధికారానికి పడ్డాయో మనవాళ్లు ఆలోచించాలి. లాకప్‌లో మనవాడుంటే చట్టం, పరాయివాడుంటే తూటా. అలాంటి న్యాయానికి బైబిల్లో చోటు లేదు.

జూలై 7, మంగళవారం

2016లో ఇదే రోజు డాలస్‌లో ఊరేగింపు ప్రశాంతంగా ముగుస్తుంటే ఒకడు మాటు వేసి అయిదుగురు పోలీసుల్ని చంపాడు. అంతకుముందు డాలస్ పోలీసులు నిరసనకారులతో ఫొటోలు దిగారు. తూటాలు పేలగానే జనాన్ని వెనక్కి నెట్టి తాము ఎదురెళ్లారు. తమను తిడుతున్నవాళ్ల కోసం ప్రాణాలిచ్చిన ఆ అయిదుగురిని అమ్మాయి తరం మరిచిపోతే నేను ఊరుకోను.

అప్పటి చీఫ్ డేవిడ్ బ్రౌన్ నల్లజాతి మనిషి, విశ్వాసి. కోపమున్న కుర్రాళ్లకి ఆయన చెప్పిందొక్కటే. నిరసన వరస వదిలి దరఖాస్తు పెట్టండి, మీ వీధికే మిమ్మల్ని పోలీసుగా వేస్తాను. పోలీసు మీద కోపానికి ఇంతకన్నా సంప్రదాయమైన జవాబు నేను వినలేదు.

జూలై 17, శుక్రవారం

కారంచేడు మారణకాండకి ముప్ఫై అయిదేళ్లు. అప్పుడు నేను ఒంగోల్లో ఇంటర్. మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన తగాదా తెల్లారేసరికి వేటగా మారింది. ఆరుగురు మాదిగలు చనిపోయారు. మిగిలినవాళ్లు చీరాల చేరి శిబిరం వేశారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం, దళిత మహాసభ అక్కడి నుంచే. ఆ శిబిరాలకి పోవద్దు, ప్రార్థన చేసుకుందాం అన్న పెద్దలు మా విశ్వాసుల్లోనే ఉన్నారు. మా నాన్న ప్రార్థనా చేశాడు, బియ్యం మూట బస్సెక్కించుకుని చీరాలకీ వెళ్లాడు. సుప్రీంకోర్టు తుది తీర్పొచ్చేసరికి 2008.

మా ముత్తాత 1878 జులైలో గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ నెల 3న ఒక్కరోజే 2222 మంది. అంతకుముందు కరువులో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ పని కాంట్రాక్టు తీసుకుని మాదిగలకి కూలీ ఇప్పించాడు. సువార్త ముందా, కూలీ ముందా అని ఆయన తర్కించలేదు. న్యాయం మాట్లాడితే సువార్త పలచబడుతుందని ఇప్పుడెవరైనా అంటే, మా ఇంట్లో ఆ రెండూ ఒకే మనిషి చేతుల మీదుగా వచ్చాయని చెబుతాను.

అక్టోబర్ 2, శుక్రవారం

పోయినేడు ఇదే రోజు డాలస్ కోర్టులో బోథమ్ జీన్ హత్య కేసులో శిక్ష పడింది. తన ఫ్లాటులో తాను కూర్చున్నవాడిని, డ్యూటీ దిగి వస్తూ తన ఫ్లాటనుకుని తలుపు తోసిన పోలీసు ఆంబర్ గైగర్ కాల్చేసింది. సెయింట్ లూషియా నుంచి వచ్చినవాడు, చర్చిలో పాటలు నడిపించేవాడు. పదేళ్ల శిక్ష. అతని తమ్ముడు బ్రాంట్ సాక్షుల కుర్చీలోంచి ఆమెను క్షమించానని చెప్పి, లేచి వెళ్లి కౌగిలించుకున్నాడు. ఆ వీడియో మా సంఘాలన్నిటిలో తిరిగింది.

అదే రోజు వాళ్లమ్మ చెప్పింది మాత్రం తిరగలేదు. డాలస్ పోలీసు శాఖ తన ఇల్లు తాను శుభ్రం చేసుకోవాలని అడిగిందావిడ. ఇద్దరిదీ ఒకే విశ్వాసం, ఒకే కుటుంబం. కొడుకు క్షమాపణని సాక్ష్యంగా చెప్పుకుంటూ తల్లి అడిగినదాన్ని దాచిపెట్టేవాళ్లకి క్షమాపణ చవకగా కావాలి.

డిసెంబర్ 20, ఆదివారం

సదరన్ బాప్టిస్టుల ఆరు సెమినరీల అధ్యక్షులు నవంబర్ 30న ఒక ప్రకటన ఇచ్చారు. క్రిటికల్ రేస్ థియరీ తమ విశ్వాస ప్రమాణానికి పొసగదని. సిద్ధాంతం వరకు నేనూ అదే అంటాను. మనుషుల్ని పీడించినవాళ్లు, పీడితులు అని రెండు రాశులు పోసి, పాపానికి రంగు అంటగడితే సిలువకి పనుండదు. అయితే ఆరుగురూ తెల్లవాళ్లే. ఆ వేసవి గడిచాక, వాళ్ల నుంచి గట్టిగా వచ్చిన మాట ఇది. ఈ వారం హ్యూస్టన్ రాల్ఫ్ వెస్ట్, చికాగో చార్లీ డేట్స్ సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్‌కి వీడ్కోలు చెప్పారు. ఇద్దరూ బైబిల్ని గట్టిగా పట్టుకున్న నల్లజాతి పాస్టర్లు.

చరిత్ర గుర్తుంటే ఆ ప్రకటన వేరేగా రాసేవాళ్లు. బానిసల యజమానిని మిషనరీగా పంపొచ్చా అన్న గొడవ మీద 1845లో ఈ కన్వెన్షన్ పుట్టింది. మన తెలుగు మిషను ఉత్తరాది బాప్టిస్టుల దగ్గరే ఉండిపోయింది. 1956లో డాలస్ ఫస్ట్ బాప్టిస్ట్ పాస్టర్ క్రిస్వెల్, తెల్లా నల్లా కలవకూడదని సౌత్ కరోలినా శాసనసభలో ప్రసంగించాడు. 1968లో ఆ మాట వెనక్కి తీసుకుని చర్చి తలుపులు తెరిచాడు. బానిసత్వానికి కన్వెన్షన్ క్షమాపణ కోరింది 1995లో. నూట యాభై ఏళ్లు. తప్పుడు థియరీని వద్దనడానికి వేసవి గడిస్తే చాలింది.

2021 ఏప్రిల్ 20, మంగళవారం

తీర్పొచ్చింది. మూడు అభియోగాల్లోనూ షోవిన్ దోషి. మెడ మీద మోకాలు ఉన్నది, విచారణలో తేలిన లెక్క ప్రకారం, 9 నిమిషాల 29 సెకన్లు. అతని సొంత చీఫ్ మెడారియా అరడోండో బోనెక్కి, మా శిక్షణ ఇది కాదు, మా నీతీ ఇది కాదని సాక్ష్యం చెప్పాడు. పోలీసు మీద పోలీసు. నాకు పెద్ద విషయం అదే.

డీకన్‌కి ఫోన్ చేశాను. సంతోషించాడా అంటే, "షోవిన్ కోసం కూడా ప్రార్థన చేశాను, తీర్పు కోసం కూడా చేశాను" అన్నాడు. గుంటూరు అంకుల్ గ్రూపులో పెట్టారు: కోర్టు తన పని చేసింది, స్తోత్రం. దానికి నేనూ ఆమెన్ పెట్టాను.

నవంబర్ 3, బుధవారం

నిన్న మినియాపోలిస్‌లో పోలీసు శాఖని తీసేసి కొత్త శాఖ పెట్టాలన్న ప్రతిపాదన ఓడిపోయింది. సుమారు 56 శాతం వద్దన్నారు. నల్లజాతివాళ్లు ఎక్కువుండే ఉత్తరపు వార్డులు కూడా. నేరం భారం అందరికన్నా ముందు మోసేది వాళ్లే. "చూశావా" అని అమ్మాయికి మెసేజ్ పెట్టాను. "వాళ్లు పోలీసు వద్దనలేదు డాడీ, ఇలాంటి పోలీసు వద్దన్నారు" అని జవాబు. ఈసారి వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు, నేననేదీ అదే కాబట్టి.

వచ్చే నెల మళ్లీ రోమా పత్రిక మొదలుపెడుతున్నాం. పదమూడో అధ్యాయం ఎవరు తీసుకున్నా సరే, ఒక్కటే మనవి. కత్తి దేవుడిచ్చాడని చెప్పేవాళ్లు దాని లెక్క కూడా దేవుడడుగుతాడని చెప్పండి. ఆ లెక్క ఇక్కడ కోర్టులో, జ్యూరీ ముందు, కెమెరా ముందు మొదలవడంలో అవిధేయత ఏమీ లేదు.